రక్తంలో చక్కెరను ఏ పద్ధతిలో, ఎప్పుడు చూసుకోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. గ్లూకోమీటర్ ఇప్పుడు చిన్న ఊళ్ల మందుల షాపుల్లోనూ దొరుకుతోంది గానీ, దాన్ని ఎప్పుడు వాడాలో, వచ్చిన అంకెతో ఏం చేయాలో చాలామందికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పడం లేదు. ఇక్కడి జవాబులు ముఖ్యంగా పెద్దవారిలో వచ్చే టైప్ 2 మధుమేహాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి; టైప్ 1 (శరీరంలో ఇన్సులిన్ దాదాపుగా తయారుకాని రకం) గురించి, గర్భిణుల గురించి అవసరమైన చోట విడిగా చెప్పాం. విడిగా చెప్పని చోట అంకెలన్నీ ఒక డెసిలీటరులో ఎన్ని మిల్లీగ్రాముల గ్లూకోజు ఉందన్న లెక్కలో ఉన్నాయి. మందుల మోతాదు మార్చే నిర్ణయం మీకు చికిత్స చేస్తున్న డాక్టరుదే.

ఇన్ని రకాల పరీక్షలున్నాయి కదా, వీటిలో అసలైనది ఏది?

ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతుంది కాబట్టి ఏదీ మరొకదానికి పూర్తిగా బదులు కాదు. వ్యాధి ఉందో లేదో తేల్చడానికి ల్యాబులో సిర నుంచి తీసిన రక్తమే ఆధారం: పరగడుపున 126 గానీ అంతకు మించి గానీ, 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 గానీ అంతకు మించి గానీ, లేదా హెచ్‌బీఏ1సీ (చక్కెర అంటుకున్న హిమోగ్లోబిన్ శాతం) 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహంగా పరిగణిస్తారు. లక్షణాలేవీ లేనివారికి రెండో పరీక్షతో ధ్రువపరచుకుంటారు. వ్యాధి తేలిన తర్వాత, గడిచిన రెండు మూడు నెలల సగటు ఎలా ఉందో హెచ్‌బీఏ1సీ చెబుతుంది, ఈ నిమిషంలో వేలికొన రక్తంలో ఎంత ఉందో గ్లూకోమీటర్ చెబుతుంది, పగలూ రాత్రీ చక్కెర ఎటు పోతోందో చర్మానికి అంటించుకునే సెన్సర్ చెబుతుంది.

మరి నాకు ఏది సరిపోతుందో ఎలా తేల్చుకోవాలి?

ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ అంకె తెలిస్తే నేను గానీ నా డాక్టరు గానీ ఏం మార్చగలం? ఇన్సులిన్ మోతాదు మార్చవచ్చు, మాత్ర వేసుకునే వేళ మార్చవచ్చు, కంచంలో అన్నం తగ్గించవచ్చు, బండి తీయడం కాసేపు ఆపవచ్చు. ఏదీ మారదంటే ఆ పరీక్షకు పెట్టిన ఖర్చు, పడిన నొప్పి రెండూ వృథాయే. కాబట్టి పద్ధతిని ఎంచుకోవడం మీరు వాడే మందుతో మొదలవ్వాలి గానీ మార్కెట్లోకి కొత్తగా ఏ పరికరం వచ్చిందన్న దానితో కాదు.

మెట్‌ఫార్మిన్ వంటి, చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టని మాత్రలే వాడుతూ, హెచ్‌బీఏ1సీ అదుపులో ఉన్నవారు రోజూ వేలు పొడుచుకోవలసిన పని లేదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఇన్సులిన్ వాడని టైప్ 2 రోగులపై జరిగి 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఏడాది తర్వాత చూస్తే, రోజూ ఇంట్లో పరీక్షించుకున్నవారికీ అసలు పరీక్షించుకోనివారికీ మధ్య హెచ్‌బీఏ1సీలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పరీక్ష పనికిరానిదని దీనికి అర్థం కాదు; అంకె చూసి ఊరుకుంటే ఉపయోగం లేదని మాత్రమే అర్థం. మందు మార్చినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, ఏ ఆహారం తమకు పడుతోందో తెలుసుకోవాలనుకున్నప్పుడు వీరు కొన్ని రోజులపాటు పరీక్షించుకుంటే చాలు.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వాడేవారి సంగతి వేరు. భోజనం ఆలస్యమైతే వీరికి చక్కెర పడిపోవచ్చు కాబట్టి ఇంట్లో మీటర్ ఉండటం అవసరం. రాత్రిపూట దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే వేసుకునేవారికి మోతాదును నిర్ణయించేది పరగడుపు అంకె. మన దగ్గర ఎక్కువగా రాసే 30/70 మిశ్రమ (త్వరగా పనిచేసేదీ నిదానంగా పనిచేసేదీ కలిపిన) ఇన్సులిన్‌ను ఉదయం, రాత్రి వేసుకునేవారు పరగడుపున ఒకసారి, రాత్రి భోజనానికి ముందు ఒకసారి చూసుకోవాలి. రాత్రి వేసుకున్న మోతాదు ఎలా పనిచేసిందో పరగడుపు అంకెలో, ఉదయం వేసుకున్నది ఎలా పనిచేసిందో సాయంత్రపు అంకెలో కనబడుతుంది. ప్రతి భోజనానికీ ఇన్సులిన్ వేసుకునేవారు, టైప్ 1 ఉన్న పిల్లలు, పెద్దలు ప్రతి భోజనానికి ముందు, పడుకోబోయే ముందు, ఆటకూ ప్రయాణానికీ ముందు చూసుకోవలసి వస్తుంది. వీరికి సెన్సర్ వల్ల కలిగే మేలు అందరికన్నా ఎక్కువ.

రోజూ పొద్దున్నే పరగడుపున చూసుకుంటున్నాను. అది చాలదా?

చాలామందికి చాలదు. టైప్ 2 తొలి ఏళ్లలో పరగడుపు అంకె 110, 120 దగ్గర నిలకడగా ఉంటూనే మధ్యాహ్న భోజనం తర్వాత 250 దాటడం తరచూ కనబడుతుంది. మూడు పూటల్లో రెండు పూటలు అన్నమే తినే మన ఇళ్లలో దీన్ని పట్టించుకోకపోతే, పరగడుపు అంకె బాగుంది గదా అనే భరోసాతో ఏళ్లు గడిచిపోతాయి.

అవే స్ట్రిప్పులను (మీటర్లో పెట్టి రక్తపు చుక్క అంటించే పట్టీలను) జంటలుగా వాడటం మేలు. ఒక రోజు టిఫినుకు ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న సమయం నుంచి లెక్కించి రెండు గంటలకు మరోసారి చూడండి. మరో రోజు మధ్యాహ్న భోజనానికి, ఇంకో రోజు రాత్రి భోజనానికి అలాగే చేయండి. రెంటి మధ్య తేడాయే ఆ భోజనం మీమీద ఎంత ప్రభావం చూపిందో చెబుతుంది. మూడు ఇడ్లీలకు ఎంత పెరిగింది, పెసరట్టుకు ఎంత పెరిగింది, అన్నం ఒక గరిటె తగ్గించి కూర పెంచితే ఏమైంది అన్నవి మీ శరీరమే అంకెల్లో చెబుతున్నప్పుడు, వందల సలహాలకన్నా అది నమ్మదగింది. గర్భిణులు కాని పెద్దలలో చాలామందికి భోజనానికి ముందు 80 నుంచి 130, తిన్నాక 180 లోపు అనేది సాధారణ లక్ష్యం. మీ వయసును, ఇతర జబ్బులను బట్టి డాక్టరు దీన్ని మార్చవచ్చు.

పరగడుపు అంకె ఎందుకు పెరుగుతోందో అంతుబట్టనప్పుడు రెండు మూడు రాత్రులు వేకువజామున 3 గంటలకు లేచి చూడమని డాక్టరు అడగవచ్చు. అప్పుడు తక్కువగా ఉంటే రాత్రి ఇన్సులిన్ ఎక్కువైందేమో ఆలోచిస్తారు. అప్పుడు బాగుండి తెల్లవారేసరికి పెరిగితే వేకువన విడుదలయ్యే హార్మోన్లు కారణం కావచ్చు. రెంటికీ చేయవలసిన మార్పు పరస్పరం వ్యతిరేకం గనుక ఈ ఒక్క పరీక్షకు నిద్ర చెడగొట్టుకోవడం సబబే.

హెచ్‌బీఏ1సీ 7 వచ్చింది. ఇక నిశ్చింతగా ఉండవచ్చా?

7 శాతం అంటే సగటున దాదాపు 154 అని లెక్క. కానీ సగటు ఎలా వచ్చిందో అది చెప్పదు. రోజంతా 130కీ 180కీ మధ్య తిరిగే వ్యక్తికీ, 50కి పడిపోయి 280కి ఎగసే వ్యక్తికీ ఒకే అంకె రావచ్చు; రెండో వ్యక్తి ప్రమాదంలో ఉన్నాడు. ఇన్సులిన్ గానీ, చక్కెరను పడగొట్టే మాత్రలు గానీ వాడేవారు ఈ ఒక్క పరీక్షపై ఆధారపడకూడదనేది ఇందుకే.

ఇంకో సంగతి మన రాష్ట్రాలకు మరీ ముఖ్యం. చక్కెర ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న మేరను హెచ్‌బీఏ1సీ కొలుస్తుంది, ఆ కణాల ఆయుష్షు సుమారు 120 రోజులు. ఆ ఆయుష్షు మారితే పరీక్ష దారి తప్పుతుంది. ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతలో అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడవచ్చు. ఇటీవల రక్తం పోయినవారిలో, ఎర్ర కణాలు త్వరగా నశించే జబ్బులున్నవారిలో తక్కువగా కనబడవచ్చు. రక్తం ఎక్కించుకున్నాక, కిడ్నీ జబ్బు ముదిరినప్పుడు కూడా ఈ అంకెను నమ్మలేం. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి మించి రక్తహీనత ఉంది. మన్యం, ఆదిలాబాద్ గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) లక్షణం ఉన్న కుటుంబాలున్నాయి. కాబట్టి ఇంట్లో చూసుకున్న అంకెలకూ హెచ్‌బీఏ1సీకీ పొంతన కుదరకపోతే మందు పెంచే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించమని డాక్టరును అడగడం మీ హక్కు. అలాంటివారికి గత రెండు మూడు వారాల సగటును చెప్పే ఫ్రక్టోసమీన్ పరీక్ష గానీ, ఇంటి అంకెల పట్టిక గానీ, సెన్సర్ గానీ మెరుగైన దారి.

ఈ ఇబ్బందులేవీ లేనివారు, అదుపులో ఉంటే ఏడాదికి కనీసం రెండుసార్లు, మందు మారినా అదుపు తప్పినా మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ చేయించుకోవాలి.

ల్యాబులో ఒక అంకె, ఇంటి మీటర్లో ఇంకో అంకె వస్తోంది. ఏది నమ్మాలి?

కొంత తేడా సహజం. గ్లూకోమీటర్లకు వర్తించే 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, చక్కెర 100 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నప్పుడు నూటికి 95 ఫలితాలు ల్యాబు అంకెకు 15 శాతం అటూ ఇటూ ఉంటే చాలు. 100 లోపు ఉన్నప్పుడు 15 మిల్లీగ్రాముల తేడాను అనుమతిస్తారు. అంటే ల్యాబులో 200 ఉన్నప్పుడు మీటర్ 172 చూపినా 228 చూపినా పరికరం పాడైందని అనలేం. పైగా తిన్న తర్వాత వేలికొన రక్తంలో చక్కెర సిర రక్తంలోకన్నా ఎక్కువగానే ఉంటుంది. ల్యాబు వైపు నుంచీ పొరపాటు జరగవచ్చు: తీసిన రక్తాన్ని సరైన ట్యూబులో పోయకుండా గంటల తరబడి ఉంచితే రక్తకణాలు అందులోని చక్కెరను వాడుకుని గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిస్తాయి. ఊళ్లో నమూనా తీసి పట్నానికి పంపే చోట దీన్ని గుర్తుంచుకోవాలి.

పోల్చి చూడాలంటే పరగడుపునే చూడండి. ల్యాబులో రక్తం తీసిన అయిదు పది నిమిషాల్లోపు మీ మీటర్‌తో వేలినుంచి పరీక్షించి రెండూ రాసుకోండి. తేడా 15 శాతం లోపు ఉంటే మీటర్ బాగున్నట్టే.

మీటర్ తప్పు చూపడానికి మన చేతుల్లో ఉన్న కారణాలేమిటి?

మొదటిది చేతి శుభ్రత. వేసవిలో మామిడిపండు కోసిన చేతిని కడుక్కోకుండా వేలు పొడిస్తే, వేలికంటిన రసంలోని చక్కెర రక్తపు చుక్కలో కలిసి అంకెను ఎక్కడికో తీసుకుపోతుంది. ఆ అంకె చూసి ఇన్సులిన్ పెంచితే ప్రాణం మీదికి వస్తుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలనుకోవద్దు. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, వేలి మధ్యన కాకుండా పక్కన పొడవాలి. రక్తం రాకపోతే వేలిని గట్టిగా పిండకుండా చేతిని కిందికి వేలాడదీసి కాసేపు ఆగాలి.

రెండోది స్ట్రిప్పుల నిల్వ. చాలా కంపెనీల స్ట్రిప్పులను 30 డిగ్రీలు మించని చోట ఉంచాలి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో ఇంటి లోపలి వేడి కూడా ఆ హద్దు దాటుతుంది. కారు డాష్‌బోర్డులో మరిచిపోయిన డబ్బా పనికిరాదు. అలాగని ఫ్రిజ్‌లో పెట్టి, తీసిన వెంటనే మూత తెరిస్తే లోపల తేమ చేరుతుంది. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, పొడిగా ఉండే గదిలో, వాటి డబ్బాలోనే మూత బిగించి ఉంచడం మంచిది. డబ్బా తెరిచాక ఎన్నాళ్లు వాడవచ్చో దానిమీదే రాసి ఉంటుంది, తెరిచిన తేదీని అక్కడే పెన్నుతో రాసుకోండి. తీవ్రమైన రక్తహీనత ఉన్నవారిలో మీటర్ ఎక్కువ చూపవచ్చు. పొట్ట ద్వారా డయాలిసిస్ చేయించుకునేవారు తమ మీటర్ తగినదో కాదో డయాలిసిస్ కేంద్రంలో తప్పక అడగాలి, ఎందుకంటే ఆ డయాలిసిస్ ద్రవంలో వాడే ఐకోడెక్స్‌ట్రిన్ కొన్ని రకాల స్ట్రిప్పులను మోసగించి, చక్కెర పడిపోయినా ఎక్కువున్నట్టు చూపుతుంది.

వాడిన సూదిని వేరెవరికీ వాడకండి. ఒకే ఇంట్లో భార్యాభర్తలకైనా సూది వేరుగా ఉండాలి.

సెన్సర్ పెట్టించుకోమంటున్నారు. అది ఎవరికి అవసరం?

జబ్బకు అంటించే ఈ చిన్న పరికరంలోని సన్నని తీగ చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో చక్కెరను కొన్ని నిమిషాలకోసారి కొలుస్తుంది. రకాన్ని బట్టి వారం నుంచి రెండు వారాలు పనిచేస్తుంది. టైప్ 1 ఉన్నవారికి, రోజుకు అనేకసార్లు ఇన్సులిన్ వేసుకునేవారికి, చక్కెర పడిపోతున్నా చెమట, వణుకు వంటి హెచ్చరికలు తెలియనివారికి, రాత్రిళ్లు పడిపోతుందేమోనని భయపడే పిల్లల తల్లిదండ్రులకు ఇది ఖర్చుకు తగిన పరికరమే. స్తోమత ఉంటే వీరికి దీన్ని నేను మొదటి ఎంపికగా చెబుతాను.

మాత్రలు మాత్రమే వాడేవారికి ఏడాది పొడవునా సెన్సర్ అక్కర్లేదు. నెలకు రెండు సెన్సర్లకు అయ్యే వేల రూపాయలను మందులకు, కంటి పరీక్షకు, కిడ్నీ పరీక్షకు కోత పెట్టి తేవడం సరైన పని కాదు. హెచ్‌బీఏ1సీ ఎందుకు తగ్గడం లేదో తెలియనప్పుడు ఒక్కసారి రెండు వారాలు పెట్టించుకుని, తిన్నదీ నడిచిందీ నిద్రపోయిందీ రాసుకుని, ఆ గ్రాఫుతో డాక్టరును కలవడం తెలివైన మార్గం.

గ్రాఫులో మొదట చూడవలసింది 70కీ 180కీ మధ్య గడిచిన సమయం. 2019లో కుదిరిన అంతర్జాతీయ ఏకాభిప్రాయం ప్రకారం చాలామంది పెద్దలకు అది 70 శాతానికి పైగా, అంటే రోజులో దాదాపు 17 గంటలు ఉండాలి. 70కి దిగువన గడిచేది 4 శాతం లోపు, 54కి దిగువన 1 శాతం లోపు ఉండాలి. వృద్ధులకు, చక్కెర పడిపోయే ముప్పు ఎక్కువగా ఉన్నవారికి పరిధిలో 50 శాతం దాటితే చాలు గానీ, 70కి దిగువ సమయం 1 శాతం మించకూడదు.

సెన్సర్ అంకె రక్తంలోని అంకెకన్నా కొన్ని నిమిషాలు వెనుకబడి ఉంటుంది. చక్కెర వేగంగా పడుతున్నప్పుడు సెన్సర్ 85 చూపుతున్నా రక్తంలో అప్పటికే 65 ఉండవచ్చు. ఆ చేతిమీద ఒత్తిగిలి పడుకుంటే అక్కడి ద్రవ ప్రసరణ తగ్గి, లేని తగ్గుదలను చూపుతుంది. ఎక్కువ మోతాదులో విటమిన్ సి మాత్రలు కొన్ని సెన్సర్లను, పారాసిటమాల్ మరికొన్నిటిని తప్పుదారి పట్టిస్తాయి. మీ ఒంటికి తెలుస్తున్నదానికీ సెన్సర్ చూపేదానికీ పొంతన లేకపోతే వేలినుంచి చూసుకోవాలి. అందుకని సెన్సర్ ఉన్నవారి ఇంట్లోనూ మీటర్ ఉండి తీరాలి.

సూది లేకుండా చక్కెర చూపే వాచీలు, ఉంగరాలు కొనవచ్చా?

కొనవద్దు. చర్మాన్ని పొడవకుండా తమంతట తామే చక్కెరను కొలుస్తామని చెప్పుకునే ఏ వాచీకీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. సెన్సర్ పంపిన అంకెను తెరమీద చూపే వాచీ వేరు, అది కేవలం తెర.

మూత్రంలో చక్కెర చూస్తే సరిపోదా?

బెనడిక్ట్ ద్రావణంలో మూత్రం వేసి కాచి, నీలం పచ్చగా మారిందా, ఇటుకరంగుకు తిరిగిందా అని చూసిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. రక్తంలో సుమారు 180 దాటితే గానీ మూత్రంలో చక్కెర కనబడదు, పడిపోవడం అసలే తెలియదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారికి మందు పనిచేసే తీరే చక్కెరను మూత్రంలోకి పంపడం కాబట్టి ఈ పరీక్షకు అర్థమే లేదు. కీటోన్ల (శరీరం చక్కెరకు బదులు కొవ్వును కరిగించినప్పుడు చేరే ఆమ్లాల) పరీక్ష మాత్రం వేరు: టైప్ 1 ఉన్నవారు జ్వరం, వాంతులు వచ్చినప్పుడు, ఈ మందులు వాడేవారు వాంతులు, ఆయాసం వచ్చినప్పుడు చక్కెర అంకె మామూలుగా ఉన్నా సరే కీటోన్లు చూపించుకోవాలి.

గర్భిణికి ఏ పద్ధతి?

గ్లూకోమీటరే ప్రధానం. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు ఉండాలన్నది లక్ష్యం, కాబట్టి రోజూ పరగడుపున, ప్రతి భోజనం తర్వాత చూసుకోవలసి వస్తుంది. గర్భంలో ఎర్ర కణాలు త్వరగా మారుతుంటాయి గనుక హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా తక్కువ చూపుతుంది. అది బాగుందని మీటర్ మానేయకూడదు.

కార్తీక సోమవారాలు, రంజాన్ ఉపవాసాలు ఉండే రోజుల్లో ఎలా?

ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ వంటివి గానీ వాడేవారు ఉపవాసానికి చాలా ముందే డాక్టరును కలిసి మోతాదులు మార్పించుకోవాలి. ఉపవాసం ఉన్న రోజు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తినడానికి ముందు, ఒంట్లో తేడా అనిపించిన ప్రతిసారీ చూసుకోవాలి. 70కి తగ్గినా 300 దాటినా ఉపవాసం అక్కడికక్కడే విరమించాలి. సాయంత్రం దాకా ఇంకెంతసేపులే అనుకుని ఆగవద్దు.

మీటర్లో 70కన్నా తక్కువ వస్తే వెంటనే ఏం చేయాలి?

15 గ్రాముల గ్లూకోజు పొడి గానీ, మూడు నాలుగు చెంచాల చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. 70 దాటకపోతే మళ్లీ తాగాలి. లడ్డూ, చాక్లెట్ ఇవ్వవద్దు, వాటిలోని నెయ్యి, కొవ్వు చక్కెరను ఆలస్యంగా అందిస్తాయి. వోగ్లిబోస్, అకార్బోస్ (పిండిపదార్థాలు అరగడాన్ని నెమ్మదింపజేసే మాత్రలు) వాడేవారికి మామూలు చక్కెర నిదానంగా పనిచేస్తుంది గనుక గ్లూకోజే ఇవ్వాలి. మీటర్ అందుబాటులో లేకపోతే పరీక్షకోసం వెతకకుండా ముందు గ్లూకోజు తాగించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

విదేశంలో ఉన్న మా అబ్బాయి మీటర్ పంపాడు. అంకెలు 6, 7 అని వస్తున్నాయి, ఇదేమిటి?

బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాల్లో చక్కెరను లీటరుకు మిల్లీమోళ్లలో లెక్కిస్తారు. ఆ అంకెను 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది: 4 అంటే 72, 7 అంటే 126, 10 అంటే 180. చాలా మీటర్లలో ఈ కొలమానాన్ని మార్చడానికి వీలుండదు. అమెరికా మీటర్లు మన లెక్కలోనే చూపుతాయి. ఏ దేశానిదైనా, ఆ మీటర్‌కు సరిపోయే స్ట్రిప్పులు మీ ఊళ్లో నెలనెలా దొరుకుతాయో లేదో ముందు కనుక్కోండి. దొరక్కపోతే, ఇక్కడ స్ట్రిప్పులు సులువుగా దొరికే మీటరే కొనుక్కుని, ఇద్దరూ ఒకే లెక్కలో మాట్లాడుకునేలా అబ్బాయికి దాని అంకెలే పంపండి.